సగం కాలరు మీద లేచిన మనిషి

మా తోటికోడలు పొద్దున్నే మరుగుదొడ్లోకి వెళ్ళి మూడు నిమిషాల్లో బయటికొస్తుంది. గడియారం చూసి మరీ చెప్తున్నాను. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, కూనిరాగం తీసుకుంటూ వస్తుంది. ఆ తర్వాత నేను వెళ్తాను. అరగంట ముక్కీ మూలిగీ, కళ్ళనీళ్ళు పెట్టుకుని, వెళ్ళినదాన్ని వెళ్ళినట్టే తిరిగొస్తాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. కడుపు కదలని వాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ.

మా తోటికోడలు చూడ్డానికి ఎండుపుల్ల. నాకన్నా ఆరేళ్ళు చిన్న. మా అత్తగారిది కుట్టుపని, తెల్ల చొక్కాలు కుట్టి బజారులో దుకాణానికి ఇచ్చేది. ఇంట్లో మిషను ఒక్కటే. కోడళ్ళం ఇద్దరం వచ్చాక చెరో కాలరు కుట్టమంది. నా కాలరు మొనలు కత్తితో కోసినట్టొచ్చాయి. దాని కాలరు చెవులు వేలాడేసిన కుక్కలా ఉంది. అంతే, కిటికీ పక్క కుర్చీ నాకొచ్చింది, మూట దాని నెత్తికెక్కింది. నలభై ఏళ్ళుగా చొక్కాలు మోసుకెళ్ళి ఇవ్వడం, గుడ్డ మోసుకు రావడం, ఆ దుకాణం మూడంతస్తులూ ఎక్కి దిగడం దాని పని. కూర్చుని తినే రాత నాదని మురిసిపోయాను.

కుర్చీతో పాటు అత్తగారు నాకో మాట కూడా ఇచ్చింది. "సూది గుడ్డలో ఉండగా లేచావో, చెయ్యి విరిచేస్తా." మిషను దగ్గర నీళ్ళు కూడా పెట్టనిచ్చేది కాదు, తెల్లగుడ్డ మీద చుక్క పడితే మరకని. ఆవిడ పోయి పాతికేళ్ళయినా నేను ఆ మాట జవదాటలేదు. కడుపు పిలిస్తే, "ఉండవే, ఈ కాలరు అవనీ" అనేదాన్ని. అదయ్యేలోపు ఇంకోటి. పిలిచి పిలిచి కడుపు అలిగింది. చివరికి పిలవడమే మానేసింది.

పోయినేడు రక్తం కనబడింది. గుండె జారిపోయి ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, "మొలలమ్మా. ఇంకా ముదిరితే కోయాల్సొస్తుంది. నీళ్ళు తాగు, నడు, పళ్ళూ ఆకుకూరలూ తిను, వచ్చినప్పుడు ఆపుకోకు" అంది. ఇంత చదువు చదివి చెప్పేది ఇదా అనుకున్నాను. అసలు మందేదో మా తోటికోడలి దగ్గరుంది, నాకు చెప్పకుండా దాచుకుంటోందని నా అనుమానం.

కాపు కాశాను. లేవగానే చెంబెడు గోరువెచ్చని నీళ్ళు తాగింది. పండు తొక్కతో సహా నమిలింది. లోపల కూర్చునేటప్పుడు కాళ్ళకింద చిన్న పీట వేసుకుంటుందని కూడా కనిపెట్టాను. అయినా నమ్మకం కుదరక దాని గూట్లో సీసా కోసం వెతుకుతుంటే వెనకనుంచి వచ్చి పట్టుకుంది.

"ఏం కావాలక్కా?"

"నీ మందు."

"ఏం మందు?"

"నంగనాచి వేషాలెయ్యకు. మూడు నిమిషాల మందు!"

గోడకి ఆనుకుని పడీ పడీ నవ్వింది. "రోజూ నీ చేత్తోనే మూటకట్టి నా నెత్తిన పెడుతున్నావుగా! రేపట్నుంచి పొద్దున పూట అది నువ్వు మొయ్యి. నువ్వొచ్చేదాకా కుర్చీలో నేను కూర్చుంటా."

అదీ సంగతి! నలభై ఏళ్ళుగా దాని కన్ను నా కుర్చీ మీదే.

"నా పీనుగు లేచాక కూర్చో" అన్నాను.

ఆ వారమే మళ్ళీ రక్తం పడింది. కోత పడ్డం కన్నా మూట నయమని నెత్తికెత్తుకున్నాను.

మొదటి రోజు దుకాణం రెండో అంతస్తు మెట్ల మీదే చతికిలబడ్డాను. దారంతా ఒకటే అడగడం. కూరగాయలావిడ "చిన్నమ్మకి ఒంట్లో బాలేదా?" అంది. చెప్పులు కుట్టేవాడు "చిన్నమ్మ ఏదీ?" అన్నాడు. దుకాణంలో గుమాస్తా కుర్చీ తుడిచి వేసి, నన్ను చూసి, "చిన్నమ్మ అనుకున్నాను" అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్న వీధిలో ఇది రాణిలా తిరిగిందన్నమాట! ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చి దాని కాలరు లాక్కుని చూశాను. మొనలు నిటారుగా ఉన్నాయి.

"ఎప్పుడు నేర్చావే?"

"మధ్యాహ్నం నువ్వు కునుకు తీసినప్పుడల్లా."

సరే, కూర్చోనీ, దీని కడుపూ బిగుస్తుందని ఎదురు చూశాను. రెండు వారాలైనా బిగుసుకోలేదే! మిషను పక్కన నేలమీద నీళ్ళ చెంబు పెట్టుకుని, సగం కాలరులో సూది దిగి ఉండగానే టక్కున లేచి వెళ్ళిపోయేది.

"అత్తగారు చూస్తే?"

"పైనుంచి దిగొచ్చి తనే తొక్కుతుందిలే మిషను."

ఆవిడ బతికుండగా ఆ మాట అనుంటే దీని పళ్ళు రాలేవి.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం కుర్చీలో నేనున్నాను. కాలరు మొన తిప్పుతున్నాను. కడుపులో చిన్నగా కదిలింది. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో! చెయ్యి మాత్రం చక్రం మీదనుంచి రాలేదు. అది గుమ్మంలో బొత్తాలు కుడుతూ నన్నే చూస్తోంది.

"ఈ మొన ఒక్కటీ..." అన్నాను.

"మొన ఎక్కడికీ పోదక్కా. అదే పోతుంది, మళ్ళీ రాదు."

అత్తగారికి మనసులోనే ఓ దణ్ణం పెట్టి, సూది గుడ్డలోనే వదిలేసి లేచాను. కాళ్ళకింద పీట వేసుకున్నాను. ఐదు నిమిషాలు, అంతే. కంట్లో నీళ్ళు తిరిగాయి గానీ, ఈసారి ముక్కి కాదు.

బయటికొచ్చేసరికి అది నా కుర్చీలో కూర్చుని నా సగం కాలరు పూర్తి చేసేసింది. వెలుగులో పెట్టి చూశాను. నా కుట్టు ఎక్కడాగిందో, దానిది ఎక్కడ మొదలైందో నాకే అంతు చిక్కలేదు.

"ఐదేనా?" అంది గడియారం చూస్తూ.

"లేవవే ముందు నా కుర్చీలోంచి!" అన్నాను. కూర్చోబోయే ముందు దాని చెంబు ఎత్తి గటగటా తాగేశాను. ఒక్క చుక్క మిగల్చలేదు దానికి.