హెండర్సన్‌లో కోర్దోబా సాయంత్రాలు

పోయిన శుక్రవారం మా అమ్మాయి స్కూల్లో పిల్లల డాన్సు కార్యక్రమం. హాలు నిండా జనం, కిటికీలన్నీ మూసేశారు, ఒకటే ఉక్క. నా ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ చేతిసంచిలోంచి మడత విసనకర్ర తీసి, మణికట్టుతో ఒక్క విసురు విసిరింది. అది టప్‌మని విచ్చుకుంది. ఆ చప్పుడుకి స్టేజీ మీద మా చిన్ని ఏం చేస్తోందో చూడడం మానేసి ఆ విసనకర్ర వైపే చూస్తూ ఉండిపోయాను. పిలార్ ఆంటీ కూడా సరిగ్గా అలాగే తెరిచేది. చప్పుడు కాకుండా విసనకర్ర తెరిచేవాళ్ళని నమ్మకూడదని కూడా అనేది.

పిలార్ ఆంటీ మా పక్కింటావిడ. స్పెయిన్ దక్షిణాన కోర్దోబా అనే పాత నగరంలో పుట్టి పెరిగింది. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసే ఒక కివీ, అంటే న్యూజిలాండ్ ఆయన్ని పెళ్ళాడి, ఆక్లాండ్ పడమటి వైపున్న మా హెండర్సన్‌కి వచ్చి, జీవితంలో సగానికి పైగా ఇక్కడే గడిపింది. చాలాకాలం కమ్యూనిటీ హాల్లో స్పానిష్ పాఠాలు చెప్పింది. నేను ఆవిడ దగ్గర ఆ భాష పెద్దగా నేర్చుకోలేదు గానీ ఆ దేశపు ఊళ్ళు నేర్చుకున్నాను. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. ఆవిడది స్పానిష్ వాసన వేసే ఇంగ్లీషు, నాది నెల్లూరు వాసన వేసే ఇంగ్లీషు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే మాత్రం ఆవిడ మాటలన్నీ నాకు తెలుగులోనే వినిపిస్తాయి, అందుకని అలాగే రాస్తున్నాను.

మేం ఆవిడ పక్కింట్లోకి అద్దెకి దిగిన కొత్తల్లో, ఈవిడకి రోజూ పెళ్ళిళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయా అని నాకు అనుమానంగా ఉండేది. సాయంత్రం అయ్యేసరికి చెవులకు ముత్యాలు, పెదాలకు రంగు, ఎత్తు మడమల బూట్లు, చేతిలో విసనకర్ర. గేటు తీసుకుని బయటికి వచ్చి, మా వీధి చివరిదాకా నింపాదిగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చేది. వాన పడితే గొడుగు తోడయ్యేది, అంతే తేడా. మా వీధిలో కుక్కని తిప్పేవాళ్ళూ, నిక్కర్లు వేసుకుని పరుగెత్తేవాళ్ళూ తప్ప ఇంకెవరూ నడవరు. ఉండబట్టలేక ఒకరోజు కంచె దగ్గర అడిగేశాను.

“ఎక్కడిదాకా ఆంటీ?”

“వీధి చివరిదాకా. అక్కణ్ణించి వెనక్కి.”

“అంతేనా?”

“అంతే. నువ్వూ రాకూడదూ?”

“స్టవ్ మీద పప్పుంది ఆంటీ” అని లోపలికి వచ్చేశాను. ఆ రోజుల్లో ఆవిడ ఎప్పుడు పిలిచినా నా స్టవ్ మీద పప్పు ఉండేది.

స్పెయిన్ వెళ్ళాలనే కోరిక ఆవిడ మాటలు వినే పుట్టింది. పుట్టడమే తరువాయి, నేను ప్లాన్ వేసేశాను. పది రోజులు, ఏడు ఊళ్ళు. పులిహోర పేస్టు, చిన్న కరెంటు కుక్కరు. వెళ్ళిన ప్రతిచోటా ఒక ఫొటో, అది వెంటనే నెల్లూరు వాట్సాప్ గ్రూపులోకి. ఫోన్లో రాసుకున్నదంతా గర్వంగా ఆంటీకి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చివరిదాకా చదివింది.

“వీటన్నిటికీ హాజరు వేయించుకోవాలా?” అంది.

“అంత దూరం వెళ్ళాక అన్నీ చూడాలి కదా ఆంటీ.”

“మీ ఇంటికి చుట్టాలొస్తే ఏం చేస్తావు? గుమ్మంలో నిలబెట్టి అన్ని గదులూ చూపించి పంపించేస్తావా?”

“భలేవారే! కాఫీ అయినా ఇవ్వకుండా ఎలా పంపిస్తాం?”

“ఊరైనా అంతే. ముందు వెళ్ళి కూర్చో. అది నీకేదో పెడుతుంది, తిను. తర్వాత అదే గదులు చూపిస్తుంది.”

ఆ వారం నుంచి ఆదివారం మధ్యాహ్నాలు ఆవిడ వంటింటి బల్ల దగ్గర గడిచాయి. ఆమ్లెట్టుకి బంగాళదుంపలు తరుగుతూ, చేతికందిన వస్తువులతో ఊళ్ళు కట్టేది. గిన్నెలు తుడిచే గుడ్డ కోర్దోబా పక్కనుంచి పారే నది. బిస్కెట్ల డబ్బా ఆ ఊరి పెద్ద మసీదు. “లోపలంతా స్తంభాలే, ఏ వైపు చూసినా స్తంభాలే. వాటి మీద ఎరుపూ తెలుపూ చారల కమానులు” అని చెప్పి, డబ్బా మూత తీసి నడిమధ్యన పంచదార గిన్నె దించింది. “ఇది చర్చి. రాజులు మారారు, మసీదు కడుపులో చర్చి కట్టుకున్నారు. ఇప్పుడు అందులో జరిగేది మా ప్రార్థనలే. అయినా మా అమ్మమ్మ ఆదివారం ముసుగు వేసుకుని ‘మసీదుకి వెళ్ళొస్తా’ అని బయల్దేరేది.”

“మీకు వింతగా అనిపించేది కాదా?”

“ఊళ్ళో ఎవరికీ అనిపించలేదు. చదువుకోడానికి వేరే ఊరు వెళ్ళి నేనూ అలాగే అంటే, అక్కడి పిల్లలు నవ్వారు. అప్పుడు తెలిసింది వింతని.”

సెవిల్‌లో చర్చి గంటలు మోగే గోపురం ఒకప్పుడు అజాన్ చదివిన గోపురమేనని, పైదాకా గుర్రం మీద ఎక్కడానికి వీలుగా లోపల మెట్లకు బదులు వాలుదారి కట్టారని చెప్పింది. గ్రనాడా కోటలో గోడల కన్నా ముందు నీళ్ళ చప్పుడు వినమంది. నేను ఇంటికి వచ్చి ఇవన్నీ మా ఆయన శ్రీనుకి చెప్పబోతే నవ్వేవాడు. “నీరజా, నువ్వు ఆల్రెడీ అక్కడ సెటిల్ అయిపోయినట్టున్నావు. మరి ఇక్కడ లంచ్ సంగతి ఎవరు చూస్తారు?”

ఏడు ఊళ్ళు చివరికి రెండయ్యాయి, కోర్దోబా, సెవిల్. ఏప్రిల్ సెలవుల్లో బయల్దేరాం. కోర్దోబాలో మొదటి సాయంత్రమే నా ప్లాన్ బోల్తా పడింది. ఆరున్నరకి భోజనానికి వెళితే ఏ హోటల్లోనూ వంటింట్లో మనుషులే లేరు, ఎనిమిదిన్నర దాటాక రమ్మన్నారు. చిన్నికి అప్పుడు ఐదేళ్ళు, ఆకలికి రాగం అందుకుంది. శ్రీను నా వైపు చూశాడు, నేను ఆకాశం వైపు చూశాను. ఒక పేవ్‌మెంటు బెంచీ మీద కూలబడి ఆంటీని మనసులో నాలుగు తిట్టుకున్నాను. ఇన్ని చెప్పిన మనిషి ఈ ఊళ్ళో ఎప్పుడు తింటారో చెప్పలేదేమిటని.

కాసేపటికి వీధి నిండడం మొదలుపెట్టింది. ముసలి ఆడవాళ్ళు జంటలు జంటలుగా, చేతిలో చేయి వేసుకుని వస్తున్నారు. చెవులకు ముత్యాలు, పెదాలకు రంగు, ఎత్తు మడమల బూట్లు. కోట్లు వేసుకున్న తాతలు, తోపుడు బళ్ళలో పసిపిల్లలు. ఎవరికీ తొందర లేదు, ఎవరి చేతిలోనూ సంచి లేదు. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వస్తున్నారు, తెలిసినవాళ్ళు ఎదురైతే ఆగుతున్నారు, మళ్ళీ నడుస్తున్నారు.

“ఏంటిది, ఊళ్ళో ఏదైనా ఫంక్షనా?” అన్నాడు శ్రీను.

బెంచీ మీద నా పక్కన కూర్చున్న బామ్మని వచ్చీరాని స్పానిష్‌లో అడిగాను. “పసెయో” అంది ఆవిడ, అందులో అడగడానికేముందన్నట్టు. సాయంత్రపు షికారు అని అర్థం. జేబులోంచి వేయించిన పొద్దుతిరుగుడు గింజలు తీసి చిన్ని దోసిట్లో పోసింది. చిన్ని ఏడుపు ఆగిపోయింది. నాకు మొదలైంది. ఒక ఊరంతా కలిసి చేసే పనిని, హెండర్సన్ వీధిలో, అన్నేళ్ళూ ఆవిడ ఒక్కతే చేస్తూ వచ్చింది. ముస్తాబై బయటికి వచ్చి, ఎదురయ్యే మనిషి లేకపోయినా వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. నేనేమో పప్పుందన్నాను. శ్రీను నా భుజం మీద చేయి వేశాడు. ముగ్గురం లేచి ఆ జనంలో కలిసి నడిచాం. తర్వాతి రోజుల్లో చారల కమానుల కింద మెడ నొప్పెట్టేదాకా నిలబడ్డాను, ఎత్తైన గోడలకి వేలాడే పూలకుండీలకి పొడుగాటి వెదురు కొసన కట్టిన డబ్బాతో నీళ్ళు పోస్తున్న తాతని చూశాను. అన్నీ బాగున్నాయి. కానీ కోర్దోబా అంటే నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ బెంచీ.

తిరిగొచ్చిన మర్నాడు సాయంత్రం నేనే ఆవిడ గేటు దగ్గర నిలబడ్డాను. ఉన్నంతలో మంచి చీర కట్టుకున్నాను.

“పప్పు?” అంది ఆంటీ, కనుబొమ్మ ఎగరేసి.

“శ్రీను చూసుకుంటాడు.”

ఆవిడ నా మోచేతిలోకి చేయి దూర్చింది. ఆ నడకకి ఆవిడ పద్ధతులు ఆవిడకున్నాయి. తొందరపడకూడదు. ఎదురైన వాళ్ళందరినీ పలకరించాలి, వాళ్ళు బదులు చెప్పినా చెప్పకపోయినా. వెళ్ళేటప్పుడు జబ్బుల కబుర్లు కూడదు, వచ్చేటప్పుడు కావాలంటే చెప్పుకోవచ్చు. పరుగెత్తే కుర్రాళ్ళు కూడా కొన్నాళ్ళకి మమ్మల్ని చూసి చేయి ఊపడం నేర్చుకున్నారు.

కొన్నేళ్ళు అలా గడిచాక ఆవిడకి మాటలు జారిపోవడం మొదలైంది. ముందు వస్తువుల పేర్లు, తర్వాత మనుషుల పేర్లు, చివరికి ఇంగ్లీషు మొత్తం. స్పానిష్ ఒక్కటే మిగిలింది. వెల్లింగ్టన్‌లో ఉండే కొడుకు డేవిడ్ వచ్చి, మా ఇళ్ళకు దగ్గర్లోనే, పెద్దవాళ్ళని చూసుకునే ఒక రెస్ట్ హోమ్‌లో చేర్పించాడు. మంచి చోటే, చూసుకునేవాళ్ళూ మంచివాళ్ళే. కానీ కొన్ని వారాలకి డేవిడ్ ఫోన్ చేశాడు. రోజూ సాయంత్రం అమ్మ వెళ్ళి పెద్ద తలుపు పట్టుకుని లాగుతోందట, కేకలు పెడుతోందట, ఆపబోయిన నర్సుని తోసేసిందట. ఇలా అయితే వెనక వైపున్న తాళాల వార్డుకి మార్చాలంటున్నారని చెప్పాడు. అక్కడ వరండా లేదు, వచ్చీపోయే మనుషులు లేరు, నాలుగు గదులూ ఒక టీవీ. “నీరజా, నాకు వేరే దారి కనపడట్లేదు” అన్నాడు. ఆ వార్డులోకి వెళితే ఆవిడ ఇంక మనిషిగా మిగలదని నాకు భయం వేసింది.

మర్నాడు డేవిడ్ వచ్చాడు, ఇద్దరం రెస్ట్ హోమ్ మేనేజరు ముందు కూర్చున్నాం. ఏ వేళకి ఇలా చేస్తుందని అడిగాను.

“డిన్నర్ అయిపోయాక. ఇంటికి పారిపోవాలని చూస్తోంది పాపం.”

“అప్పుడు ఏం వేసుకుని ఉంటుంది?”

“నైట్ గౌను. ఐదింటికి అందరికీ మార్చేస్తాం.”

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఊరంతా ముస్తాబై వీధిలోకి వచ్చే వేళకి ఒక కోర్దోబా ఆడమనిషికి నైట్ గౌను తొడిగి కూర్చోబెడితే కేకలు పెట్టక ఏం చేస్తుంది? పసెయో గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. ఒక్క వారం ఆగమని బతిమాలాను. మేనేజరు డేవిడ్ వైపు చూసింది. డేవిడ్ తల ఊపాడు.

ఆ సాయంత్రం ఆవిడకి నీలం గౌను తొడిగి, జుట్టు దువ్వి, ముత్యాలు పెట్టాను. పెదాలకు రంగు వేస్తుంటే ఆవిడే పెదాలు కలిపి సరిచేసుకుంది. మోచేయి అందించాను. పొడుగాటి కారిడార్ వెంట బయల్దేరాం. తలుపు దగ్గర నిలబడ్డ ప్రతి మనిషికీ ఆవిడ తల వంచి ఏదో అంటోంది. సమోవా దీవుల నుంచి వచ్చిన మేరీ ఆంటీ తన గదిలోంచి నవ్వుతూ బదులు పలికింది. కారిడార్ చివర పెద్ద తలుపు వచ్చింది. వెనకే వస్తున్న నర్సు, డేవిడ్ ఆగిపోయారు. పిలార్ ఆంటీ తలుపు అద్దంలోంచి బయటికి ఒక క్షణం చూసింది. తర్వాత నా చేయి నొక్కి, నన్ను తనతోపాటు వెనక్కి తిప్పింది. ఆవిడకి అది వీధి చివర. అక్కణ్ణించి తిరిగి రావాలి, అంతే. వెనక్కి నడుస్తూ ఆవిడ స్పానిష్‌లో తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పుకొచ్చింది.

తాళాల వార్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను వెళ్ళలేని రోజుల్లో నర్సులే ముస్తాబు చేసి నడిపించేవారు. కొన్నాళ్ళకి మేరీ ఆంటీ తలలో పువ్వు పెట్టుకుని మాతో కలిసింది. ఎదురు గది తాత టై కట్టుకుని వచ్చాడు. ఆఖరు నెలల్లో పిలార్ ఆంటీని చక్రాల కుర్చీలో తిప్పేవాళ్ళం. నన్ను గుర్తుపట్టడం ఎప్పుడో మానేసింది, తన చెల్లెలి పేరుతో పిలిచేది. నేను పలికేదాన్ని. ఆ పేరుతో పిలిపించుకోవడం నాకు ఇష్టంగానే ఉండేది.

ఆవిడ పోయిన రోజు సాయంత్రం సామాను సర్దడానికి డేవిడ్‌తో వెళ్ళాను. గది తలుపు తీసి చూద్దును కదా, ముసలివాళ్ళంతా ముస్తాబై కారిడార్‌లో నిలబడి ఉన్నారు. మేరీ ఆంటీ వచ్చి ఖాళీగా ఉన్న నా మోచేయి పట్టుకుంది. తలుపుదాకా వెళ్ళి తిరిగొచ్చాం. డేవిడ్ మా వెనకే చిన్నపిల్లాడిలా ఏడుస్తూ నడిచాడు.

ఇప్పటికీ వారానికొక సాయంత్రం అక్కడికి వెళుతున్నాను. ఆంటీని ఎరిగినవాళ్ళు ఒకరొకరే వెళ్ళిపోయారు, ఇప్పుడు మేరీ ఆంటీ కూడా లేదు. అయినా ఆ వేళకి తలుపులు తెరుచుకుంటాయి, పూసలూ టైలూ బయటికి వస్తాయి. ఎందుకని ఎవరూ అడగరు, ఆ ఇంటి పద్ధతి అది అనుకుంటారు. పోయిన వారం కొత్తగా చేరిన ఒక పెద్దావిడ నైట్ గౌనులోనే గుమ్మం పట్టుకుని బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. “వీళ్ళంతా ఎక్కడికి వెళ్తున్నారు?” అని అడిగింది. నేను ఆవిడ గదిలోకి వెళ్ళి అలమర తెరిచాను. “ముందు ఒక మంచి గౌను చూద్దాం” అన్నాను. “కోర్దోబా అని ఒక ఊరుంది, నడుస్తూ చెబుతాను.”