మూడో అతిథి పేరు

ఒకజాకి పట్నంలో తోమియో నడిపే క్షౌరశాలకు సోమవారం సెలవు. అందుకని సోమవారం వచ్చిందంటే తోమియో దుకాణంలోని తిరిగే కుర్చీలు మూడూ స్నేహితురాళ్ళవే. ఒకదాంట్లో తోమియో, ఒకదాంట్లో టోఫు దుకాణం ఫుమీ, అద్దం మూలనున్న దాంట్లో కటాగిరి మిసావో. ముగ్గురూ ఒకే బడిలో చదివారు. ముగ్గురికీ అరవై ఎనిమిదేళ్ళు.

మిసావో ముప్ఫై తొమ్మిదేళ్ళు యాత్రల బస్సులో గైడు. నెత్తిన టోపీ, చేతిలో పసుప్పచ్చ జెండా, వెనక నలభై మంది. లోకంలో ముందు నడిచేవాళ్ళది ఒక జాతి. ఊరేగింపుకి ముందు బాకా ఊదేవాడు, మందకి ముందు నడిచే గొర్రెల కాపరి, గుడ్డివాడి కర్ర పట్టుకున్న మనిషి, అందరూ ఆ జాతివాళ్ళే. అందరికంటే ముందు చేరతారు, అందరూ తిన్నాక తింటారు. వాళ్ళు లోకాన్ని చూసే తీరు వేరు. పూర్వం వాళ్ళ దేశంలో బాటసారుల కోసం అచ్చువేసిన చిన్న పుస్తకాల్లో, బసలో దిగగానే ముందు బయటికి పోయే దారి ఎటుందో చూసుకోమని రాసేవారు. మిసావో అదీ చూసేది, మరుగుదొడ్లు ఎన్నున్నాయో కూడా చూసేది. పూలు మాత్రం ఇతరుల కోసం చూసేది.

కిసో లోయలో మగోమే నుంచి త్సుమాగోకి కనుమ దాటే పాత బాటను ఆమె రెండువందల సార్లు నడిచింది. ఆ దారి చివర ఏటి ఒడ్డున ఒక బస ఉంది. అక్కడి స్నానాల గదిలో సువాసన చెక్కతో చేసిన తొట్టి. "అందులో దిగి కళ్ళు మూసుకోండి, ఏరు మీ భుజం మీదుగా పారుతున్నట్టుంటుంది" అని మైకులో రెండువందల సార్లు చెప్పింది. ఒక్కసారీ దిగలేదు. గైడులు పనివాళ్ళ స్నానాల గదిలో నాలుగు చెంబులు పోసుకోవాలి, అంతే. ఉద్యోగం విడిచిన నాటి నుంచీ ఆమె కోరిక ఒకటే. ఆ తొట్టిలో అతిథిగా దిగాలి. అందుకే ఈసారి ముగ్గురూ కలిసి అక్కడికి వెళ్దామనుకున్నారు.

"ముందే చెప్తున్నా," అంది తోమియో కత్తెర ఆడిస్తూ. "ఇది తీరిగ్గా తిరిగే ప్రయాణం. కిందటిసారి ఇసే గుడికి వెళ్ళినప్పుడు ఏం చేశావే? నా నోట్లో ముద్ద ఉండగానే, 'ఇంక ఏడు నిమిషాలు' అన్నావు."

"ఆరు," అంది మిసావో.

"విన్నావా ఫుమీ!"

"నేను మరుగుదొడ్డికెళ్తే తలుపు బయట నించుని లెక్కపెట్టింది. లోపలున్నది నేనొక్కదాన్నేనే!"

తోమియో పాత కేలండరు కాగితం వెనక మూడు షరతులు రాసి అద్దానికి అతికించింది. జెండా వద్దు. గడియారం వద్దు. తలలు లెక్కపెట్టొద్దు. ఒక్కటి తప్పినా తను రాదు. ఫుమీ కోడలు అక్టోబరులో మూడు రోజులు దుకాణం చూసుకుంటానంది. మళ్ళీ కోడలు ఒప్పుకునేసరికి తన మోకాలు ఒప్పుకోదని ఫుమీ దిగులు. పోతే ఇప్పుడే పోవాలి.

మిసావో బుద్ధిగా తలూపింది. తలైతే ఊపింది గాని, ఆమె సంచీలోంచి తోమియో ఒక మడత కాగితం లాగింది. స్కేలు పెట్టి గీసిన గీతలు, గంటలు, నిమిషాలు. తోమియో కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివింది.

"'రెండూ పది నుంచి రెండూ ముప్ఫై అయిదు వరకూ, కనుమ మీద టీ దుకాణంలో ఊరికే కూర్చోవడం.' ఊరికే కూర్చోడానికీ టైమేనటే!"

ఫుమీకి నవ్వుతో పొలమారింది. సంచీ అడుగున జెండా కూడా దొరికింది. "గుడ్డ పీకెయ్, కర్ర నా మోకాలికి పనికొస్తుంది" అని ఫుమీ దాన్ని తన పక్కన పెట్టుకుంది. కాగితం చెత్తబుట్టలోకి పోయింది. ఇక ముగ్గురూ తీరిగ్గా కూర్చుని, పుల్లకి గుచ్చి, అక్రోటు ముద్ద పూసి కాల్చిన అన్నం ఉండలు ఎక్కడ తినాలా అని మొదలుపెట్టారు. ఎలుగుబంట్లు రాకుండా బాట పొడవునా వేలాడదీసిన గంటలున్నాయి గదా, వాటిని ఎవరు కొట్టాలా అని కాసేపు పోట్లాడుకున్నారు.

అప్పుడు ఫోను మోగింది. చేతులకి చెస్ట్‌నట్ మిఠాయి అంటుకుందని మిసావో మోచేత్తో స్పీకరు నొక్కింది. ఏటి ఒడ్డు బస యజమానురాలు హిసానో మాట్లాడుతోంది. ముందురోజే మిసావో ఆమెకి ఫోను చేసి గది చెప్పిపెట్టింది.

"కటాగిరి గారూ, నిన్న మీరు చెప్పింది ఒకసారి సరిచూద్దామని చేశాను. అతిథులు ఇద్దరు, ఏటివైపు గది. మీకు ఎప్పట్లాగే బాయిలరు పక్క గది. మీ భోజనం వాళ్ళదయ్యాక వంటింట్లో. బస్సు ఎక్కడ ఆపుకుంటారు?"

దుకాణంలో కత్తెర చప్పుడు ఆగింది.

"బస్సా?" అంది తోమియో.

"ఇద్దరెవరే?" అంది ఫుమీ.

మిసావో మొహం కందిపోయింది. ముప్ఫై తొమ్మిదేళ్ళు ఎవరు 'ఎంతమంది' అని అడిగినా, వెనక్కి తిరిగి లెక్కపెట్టి చెప్పిన మనిషి. నిన్నా అడిగారు. వెనక ఉన్నది ఇద్దరు. ఇద్దరనే చెప్పింది.

"ఫరవాలేదులేవే. ఆ గది నాకు అలవాటే. వెచ్చగా కూడా ఉంటుంది."

"అలవాటా! తలలు లెక్కపెట్టొద్దంటే లెక్కపెట్టావు, అదీ తప్పు లెక్క. నేను రాను పో," అంది తోమియో.

"నేనూ రాను," అంది ఫుమీ. "గైడు వెనక తిరగడానికైతే నా టోఫు నేను చేసుకుంటా. నువ్వు మాతో వస్తావా, మమ్మల్ని తీసుకెళ్తావా? తేల్చు."

ఫోనులో హిసానో అంతా వింటూనే ఉంది. "ఆకులు ఎర్రబడే రోజులు కదండీ, ఇంకో గది లేదు," అంది. "ఏటి గదిలో బల్ల గోడకి జరిపితే మూడో పరుపు పడుతుంది. కాళ్ళు తగుల్తాయి మరి."

"తగలనివ్వండి, తన్నడానికి నాకెవరో ఒకరు కావాలి," అని అరిచింది తోమియో.

"అయితే మూడో అతిథి పేరు?"

ఇద్దరూ మిసావో వంకే చూస్తున్నారు. వేలమంది పేర్లు ఆ బసలో చదివి అప్పగించిన గొంతు అది. మైకు ముందు సవరించుకున్నట్టు సవరించుకుంది.

"కటాగిరి మిసావో."

అవతల కాగితం మీద కలం నడుస్తున్న చప్పుడు. "స్నానం ఎప్పుడు చేస్తారు? తొట్టి వంతులు రాసిపెడతాను."

"చేరగానే. ముందు నేనే."

"ఎన్నింటికి చేరతారు?"

నాలుగూ ఇరవై. నాలిక చివరిదాకా వచ్చింది. తోమియో అద్దం మీది కాగితాన్ని కత్తెరతో టకటకా కొట్టింది. మిసావో మింగేసింది.

"తెలీదండీ. దారిలో ఒకచోట ఊరికే కూర్చోవాల్సి ఉంది."

"ఎంతసేపు?"

"కూర్చున్నాక చూస్తాం," అంది మిసావో. తోమియో లేచి, ఆమె కూర్చున్న కుర్చీని రెండు చేతులా పట్టుకుని గిర్రున తిప్పింది.