నలుగు పసుపే అనుకున్నాం

మా పాప పుట్టగానే గట్టిగా ఏడ్చింది. ఆసుపత్రి నుంచి ఆళ్ళగడ్డలో మా అమ్మ ఇంటికి వచ్చాక ఆ ఏడుపు తగ్గింది. అందరూ అందుకే మురిసిపోయారు.

"బంగారు బిడ్డమ్మా, ఇంట్లో పసిబిడ్డ ఉండేదే తెలీదు," అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. తొలి కాన్పు. నేనేదో ఘనకార్యం చేసినట్టు నాకూ గర్వంగానే ఉండేది.

గాలి సోకుతుందని కిటికీలు మూసి, గది వాకిలికి దుప్పటి కట్టారు. మొదట వచ్చిన చిక్కటి పాలు మంచివి కావని అమ్మ పిండి పారబోయించింది. పాప రెండు గుక్కలు తాగి నిద్రపోయేది. లేపబోతే, "నిద్రపోయే బిడ్డను యాడన్నా లేపుతారా? పండుకోనీ," అని కసిరేది. ఆశా కార్యకర్త తూకం తెస్తే దానికీ ఒప్పుకోలేదు.

"పసిబిడ్డను కూరగాయల మాదిరి తూస్తావా? దిష్టి తగుల్తాది."

ఆమె మా వీధి మనిషే. గొడవెందుకని టీ తాగి వెళ్ళిపోయింది.

రోజూ శెనగపిండిలో పసుపు కలిపి, నలుగు పెట్టి నీళ్ళు పోసేవారు. పాప ఒళ్ళు పచ్చగా ఉంటే ఆ పసుపే అనుకున్నాం. రంగు తేలుతోందని సంబరపడ్డాం కూడా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బిడ్డను చూడటానికి చాగలమర్రి నుంచి మా ఆయన వచ్చాడు. ఫోటో తీద్దామని పాపను వెలుతురుండే వసారాలోకి ఎత్తుకెళ్ళి, ఉన్నట్టుండి అరిచాడు.

"ఏందీ, కండ్లల్లో గూడా పసుపు పూసినారా?"

అప్పటికప్పుడు కారులో నంద్యాల ఆసుపత్రికి బయల్దేరాం. పాప నా ఒళ్ళో వడలిపోయి ఉంది. రొమ్ము నోట్లో పెట్టినా చప్పరించలేదు. అక్కడ తూస్తే, పుట్టినప్పటి బరువులో చాలా పోయింది. పాలు చాలక కామెర్లు ఇంకా ముదిరాయని డాక్టరమ్మ చెప్పింది. నీలం లైటు కింద పెట్టారు, రక్తం మార్చారు. కళ్ళకు గంతలతో పడుకున్న ఆ పిడికెడు ప్రాణాన్ని చూస్తూ, ఒక్కసారి ఏడవవే తల్లీ అని బతిమాలుకున్నాను.

ఏడ్చింది. బతికింది. పచ్చదనం పోయి ఒళ్ళు చేసింది. గండం గడిచిందనుకున్నాం.

బోర్లాపడే వయసులో ఒకరోజు వంటింట్లో ఇత్తడి బిందె జారిపడింది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్ళు కూడా తొంగిచూశారు. పాప మాత్రం దాని పక్కనే తన వేళ్ళతో ఆడుకుంటూ ఉంది. పరీక్షలు చేసి, కామెర్లు మెదడుకెక్కి వినికిడి పోయిందన్నారు.

అమ్మను ఎవరం ఏమీ అనలేదు. నాకు మాత్రం చాలాసార్లు నోటిదాకా వచ్చింది. ఇప్పుడు పాప బడికి వెళ్తోంది, సైగలతో గలగలా మాట్లాడుతుంది. అమ్మకు ఆ సైగలు రావు. మేం ఆళ్ళగడ్డ వెళ్ళినప్పుడు పాపకు జడ మాత్రం తనే వేస్తుంది. మొన్న అలా వేస్తుంటే, పాప వీపు వైపు చూస్తూ ఏదో గొణగడం వినపడి గుమ్మంలో ఆగిపోయాను.

"నేనే చేసినా తల్లీ, నేనే చేసినా," అంటోంది.

పాప వెనక్కి తిరక్కుండానే రిబ్బను అందించింది.