గాజుల పెట్టె దగ్గర ఖాళీ గడి

మా మామయ్య ముప్పై రెండేళ్ళు లిఫ్టులో పనిచేశాడు. ఏడంతస్తుల ఆఫీసు భవనం. ఇద్దరు లావుపాటి మనుషులు ఎక్కితే మూడోవాడు ఊపిరి బిగబట్టుకోవాల్సిన పెట్టె. అందులో ఒక మూల స్టూలు, స్టూలు మీద మామయ్య. తలుపు లాగడం, అంతస్తు పేరు చెప్పడం, తలుపు వేయడం, అంతే ఉద్యోగం. "మీ తమ్ముడు రోజూ ఎంత పైకి ఎదుగుతాడో సాయంత్రానికి అంతా దిగిపోతాడు" అని మా నాన్న ఉన్నన్నాళ్ళూ అమ్మని ఏడిపించేవాడు. మామయ్య నవ్వి ఊరుకునేవాడు.

ఈ కథలో మంచివాడు ఆయన, చెడ్డదాన్ని నేను. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచే ఓపిక నాకు లేదు, ఒకసారి దాచి పడ్డ అవస్థ చాలు.

నేను బీమా ఆఫీసులో ఫారాలు కంప్యూటరులోకి ఎక్కిస్తాను. రోజుకి రెండు వందలు ఎక్కించాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కంప్యూటరు తర్వాతి పేజీకి కదలదు, ఎర్ర గీత చూపించి మొండికేస్తుంది. జనమేమో ఏదో ఒక గడి వదిలేయకుండా ఫారం నింపరు. అలాంటప్పుడు ఆ మనిషికి ఫోను చేసి అడగాలని రూలు. ఎవరు చేస్తారు? పై పది ఫారాల్లో ఏముందో అదే కొట్టేసి ముందుకు పోతాం. కొత్తగా చేరినవాళ్ళకి మేం నేర్పే మొదటి పాఠం ఇదే, చాయ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పేది దీని తర్వాతే.

ఆ భవనంలో జనమే బటన్ నొక్కుకునే కొత్త లిఫ్టు వచ్చింది, మామయ్య ఇంటికొచ్చాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, అక్క ఇల్లే ఆయన ఇల్లు. రెండు నెలలు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవరొచ్చినా లేచి తలుపు తీసేవాడు. పాలవాడికీ తీసేవాడు, పిల్లికీ తీసేవాడు. అమ్మకి ఒళ్ళు మండేది. నా పాత కంప్యూటరు ఆయన గదిలో పెట్టి, అంతరిక్షంలో తిరిగే ఆట ఒకటి ఎక్కించి ఇచ్చాను. ప్రేమతో కాదు. కాళ్ళకి అడ్డం పడకుండా ఉంటే చాలనుకున్నాను.

ఆ ఆటలో మనకో చిన్న నౌక ఉంటుంది. లెక్కలేనన్ని నక్షత్రాలు, ఒక్కో నక్షత్రానికీ గ్రహాలు, చందమామలు, పెద్ద కుటుంబం. ఒక కుటుంబం నుంచి ఇంకో కుటుంబానికి దూకాలంటే ఇంధనం ఖర్చవుతుంది. నక్షత్రం పక్కగా పోతూ దాని వేడి నుంచే మళ్ళీ నింపుకోవాలి. కొన్ని నక్షత్రాలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. చూడడానికి మాత్రం కొన్నిసార్లు రెండు రకాలూ ఒకేలా ఉంటాయి.

పెట్టెలో ముప్పై రెండేళ్ళు కూర్చున్న మనిషి ఆ ఆటలో పడి లోకం మరిచిపోయాడు. ఒక పొడుగాటి నోటుపుస్తకం కొనుక్కుని, చూడదగ్గ నక్షత్ర కుటుంబాలన్నీ రాయడం మొదలుపెట్టాడు. ఆటలో వాటికి అంకెలూ అక్షరాలే పేర్లు. మామయ్య సొంత పేర్లు పెట్టాడు. రెండు సూర్యులున్న చోటికి 'అత్తాకోడళ్ళు' అని పేరు. అక్కడ మధ్యలో ఉన్న గ్రహం మీద దిగితే ఒకరు ఉదయించే వేళకి ఇంకొకరు అస్తమిస్తారు, ఇద్దరూ ఒకే గదిలో ఉండరు. గిర్రున తిరుగుతూ మెరుపులు చిమ్మే చిన్న నక్షత్రం 'తిరగలి'. 'దగ్గరికి పోవద్దు, నౌకని పిండి చేస్తుంది' అని రాశాడు. రంగురంగుల పొగలో నక్షత్రాలు పుట్టే చోటు 'పురిటిగది'. 'చంటివాళ్ళున్నారు, ఇంజను నెమ్మదిగా పోనివ్వండి' అని దాని కింద రాశాడు. వెలుగునే మింగేసే నల్లటిదానికి 'బావి' అని పేరు పెట్టాడు. 'ఇక్కడ ఏమీ కనిపించదు. చుట్టూ ఉన్న నక్షత్రాలు వంగి కనిపిస్తాయి. ఆ వంపు చూడడానికే రావాలి' అని రాశాడు.

ప్రతి పేజీలోనూ మొదటి గడి ఒకటే: ఇంధనం దొరుకుతుందా? నక్షత్రం అందం సంగతి తర్వాత. మనిషిని పైకి తీసుకెళ్ళేముందు ఎలా దిగాలో తెలియాలనేవాడు. తను స్వయంగా నింపుకుని చూస్తే తప్ప ఆ గడిలో ఏమీ రాసేవాడు కాదు.

ఆటగాళ్ళందరూ రాసుకునే సైటు ఒకటుంది. మామయ్యకి టైపు చేయడం రాదు, తెర మీద చిన్న అక్షరాలు కళ్ళకి ఆనవు. ఆదివారాలు ఆయన పుస్తకం చూసి నేను ఆ సైటులోకి ఎక్కించేదాన్ని. 'లిఫ్టాయన దారి' అని దానికి పేరొచ్చింది. వందల మంది దాన్ని పట్టుకుని ప్రయాణాలు చేసేవాళ్ళు. లిఫ్టాయన రాశాడంటే కళ్ళు మూసుకుని పోవచ్చు అని ఒకాయన రాస్తే, ఆ మాట మామయ్య నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు.

పదిహేనోది 'గాజుల పెట్టె'. మసక ఎరుపు నక్షత్రం, దాని చుట్టూ ఒక పెద్ద గ్రహం, గ్రహానికి పదకొండు వలయాలు, ఏ రెండూ ఒక రంగు కావు. అన్నిటికన్నా దూరం అదే. మామయ్య దాని గురించి పేజీ నిండా రాశాడు కానీ మొదటి గడి ఖాళీ. అక్కడికి చేరేసరికి ఆయన దగ్గర అదనపు ట్యాంకు నిండుగా ఉంది, నింపుకోవాల్సిన అవసరం రాలేదు. మళ్ళీ వెళ్ళి చూశాక చెబుతాను, అప్పటిదాకా ఇది ఎక్కించొద్దు అన్నాడు.

ఆ ఆదివారం నాకు సినిమాకి పోయే తొందర. మిగిలిన పేజీలన్నీ ఒక్కసారే ఎక్కించేస్తే పీడా వదులుతుందనుకున్నాను. ఖాళీ గడి దగ్గర సైటు ఎర్ర గీత చూపించింది. పై పద్నాలుగింటిలో తిరగలి, బావి తప్ప అన్నిటికీ 'దొరుకుతుంది' అనే ఉంది. నా వేళ్ళు అదే కొట్టేశాయి. ఆలోచించానని కూడా చెప్పలేను.

నెల తర్వాత సైటులో మామయ్య పేరిట ఉత్తరం వచ్చింది. రాసినావిడ బేకరీలో పనిచేస్తుందట. కుడిచేయి ఓవెన్లో కాలి పదకొండు నెలలుగా ఇంట్లోనే ఉందట. ఆ పదకొండు నెలలూ ఎడమచేత్తోనే ఆట ఆడింది. ఎవరూ చూడని నక్షత్రాలు ఆరు వందలకి పైగా కనిపెట్టింది. వాటి వివరాలు తెచ్చి ఆటలోని కేంద్రంలో నమోదు చేయిస్తేనే మొదట చూసినవాళ్ళ పేరు వాటి పక్కన నిలుస్తుంది. మధ్యలో నౌక పోతే అన్నీ పోతాయి. తిరుగు దారిలో మామయ్య పుస్తకం నమ్మి గాజుల పెట్టె దగ్గర ఆగింది. అక్కడ చుక్క ఇంధనం దొరకలేదు. 'ఆట మూసేశాను. మూసినంతసేపు నౌక ఎక్కడిదక్కడే ఉంటుంది. తెరిస్తే, ఇంధనం లేదు కాబట్టి ఏడు నిమిషాల్లో లోపలి గాలి అయిపోతుంది. దొరుకుతుందని రాశారు కదండీ' అని ముగించింది.

ఉత్తరం చదివి వినిపించాను. మామయ్య లేచి పుస్తకం తీసి పదిహేనో పేజీ తెరిచాడు. ఖాళీ గడి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నాకేం తెలుసు మామయ్యా, నువ్వు రాసిందే కొట్టాను" అన్నాను.

పుస్తకం మా ఇద్దరి మధ్యే తెరిచి ఉంది. చదువుకున్న మనిషిని, ముప్పై ఏళ్ళదాన్ని, కళ్ళెదుట ఖాళీ గడి పెట్టుకుని ఆ మాట అన్నాను. మామయ్య పుస్తకం మెల్లగా మూశాడు.

"అయితే నేనే చెప్పుంటాలే. తప్పు నాదేనని కొట్టు. అందరికీ కనపడేలా కొట్టు" అన్నాడు.

కొట్టాను. 'చూడకుండా రాశాను. తప్పు నాదే. వస్తున్నాను. నేను చెప్పేదాకా ఆట తెరవకండి.' నా వేళ్ళతో నేనే కొట్టాను. తల కొట్టేసినట్టయింది, అయినా నోరు మెదపలేదు. తేలు కుట్టిన దొంగలా నా గదిలోకి పోయి పడుకున్నాను.

మర్నాటినుంచి సైటులో జనం మొదలుపెట్టారు. లిఫ్టాయన కూడా ఇంతేనా అన్నారు. మిగతా పద్నాలుగూ ఇంట్లో కూర్చుని అల్లినవేనేమో అన్నారు. కళ్ళు మూసుకుని పోవచ్చన్న పెద్దమనిషే, కళ్ళు తెరిపించాడు అని వెక్కిరించాడు. ఇవన్నీ రోజూ నేనే చదివి వినిపించాలి. ఒకటి రెండు దాటేద్దామని చూశాను, ఎన్ని వచ్చాయో అంకె పైనే పెద్దగా కనిపిస్తుంది కాబట్టి ఆయన లెక్క పెట్టుకునేవాడు. విని, "సరే, ఇప్పుడు ఆవిడకి రాద్దాం" అనేవాడు.

ఇలా ఆవిడతో కబుర్లాడడం లిఫ్టు నాటి అలవాటు. అప్పట్లో కరెంటు పోయి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయేది. అలాంటప్పుడు మామయ్య బయట ఉంటే ఆ తలుపు దగ్గరే నేల మీద కూర్చునేవాడట. మెకానిక్కు వచ్చేదాకా, అన్నం వేళ దాటినా, కదిలేవాడు కాదు. లోపలివాళ్ళతో కబుర్లు చెబుతూనే ఉండేవాడు. లిఫ్టు ఊసెత్తకుండా పిల్లల గురించీ పళ్ళనొప్పి గురించీ మాట్లాడేవాడు. ఇప్పుడూ అంతే. నౌకకి అదనపు ట్యాంకులు తగిలించుకుని బయల్దేరాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దూకుతూ పోవడం, నేను ఆఫీసు నుంచి రాగానే ఆవిడకి కబురు చెప్పించడం. ఈరోజు అత్తాకోడళ్ళని దాటానమ్మా, కోడలు కాస్త చిరాగ్గా ఉంది. ఈరోజు పురిటిగదిలో నింపుకున్నాను. చేయి ఎలా ఉంది? మందు రాసుకున్నావా? ఆవిడా జవాబులు రాసేది. మొదట ఒక్క ముక్కలో రాసేది, తర్వాత తర్వాత పొడుగ్గా రాసింది. బేకరీలో కొత్తగా కొన్న ఓవెన్ తలుపు సరిగా పడదని కూడా రాసింది.

అయిదోరోజు నావల్ల కాలేదు. వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. "మామయ్యా, ఆ గడి..." అన్నాను.

"ఆగు" అన్నాడు. గొంతు పెంచలేదు. "లోపల మనిషి ఉండగా తప్పెవరిదని వెతక్కూడదు. ముందు తలుపు తెరుచుకోనీ."

అంటే ఆయనకి అంతా తెలుసు. మొదటిరోజు నుంచీ తెలుసు. తెలిసే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు నాదని ఊరందరికీ చెప్పుకుని, తిట్లు తింటున్నాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఏమే, ఒంట్లో బాగాలేదా అని అమ్మ అడిగితే బాగానే ఉందన్నాను. అదీ అబద్ధమే.

తొమ్మిదోరోజు ఆదివారం పొద్దున మామయ్య గాజుల పెట్టె చేరాడు. ఎర్రటి మసక వెలుగులో పదకొండు వలయాలు తెర నిండా కనిపించాయి. నిజంగానే అంత అందమైనది నేనెక్కడా చూడలేదు. మామయ్య వాటి వైపు చూడలేదు. ఆవిడ నౌక ఎక్కడుందో ముందే అడిగి రాసుకున్న కాగితం చేతిలో ఉంది.

ఇప్పుడు తెరవమని కొట్టాను. తెర మీద చిన్న చుక్క వెలిగింది. ఏడు నిమిషాలు. ఇంధనం మోసే బుల్లి యంత్రాన్ని మామయ్య వదిలాడు, అది గురి తప్పి వలయాల్లోకి పోయింది. ఆయన దగ్గర ఇంకొక్కటే ఉంది. "తలుపు దగ్గరే ఉన్నానమ్మా, కదలను అని కొట్టు" అన్నాడు. కొట్టాను. నౌకని ఇంకా దగ్గరికి, దాదాపు తగిలేంత దగ్గరికి పోనిచ్చి రెండోది వదిలాడు. ఒకటిన్నర నిమిషం మిగిలి ఉండగా అది వెళ్ళి అతుక్కుంది. ఆవిడ నౌక దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

మామయ్య కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి ఆవిడ దగ్గర్నుంచి కబురొచ్చింది. చదవమన్నాడు.

మొదటి వాక్యాలు బాగానే చదివాను. ఆరు వందల నక్షత్రాలూ భద్రంగా ఉన్నాయట. ఎడమచేయి నొప్పెడుతోందట. ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాను.

"ఆగావేం?" అన్నాడు మామయ్య.

చదివాను. చదవక తప్పలేదు. 'బాబాయిగారూ, మీ పుస్తకం ఇప్పటికీ నమ్ముతాను. ఇంకొకరైతే టైపు చేసినవాళ్ళ మీదకి నెట్టేసేవాళ్ళు. మీరు తప్పు మీదేనని ఒప్పుకున్నారు.'

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మామయ్య ఓదార్చలేదు, తిట్టనూ లేదు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"జవాబు నువ్వే రాయి. ఈసారి నేను చెప్పను" అని మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళాడు.

రాశాను. ఆయన గడి ఖాళీగా వదిలాడనీ, చూసొచ్చేదాకా ఎక్కించొద్దన్నాడనీ, సినిమా తొందరలో నేనే నింపాననీ, అడిగితే అబద్ధమాడాననీ, తొమ్మిది రోజులు ఆయన్ని తిట్లు తిననిచ్చాననీ, అన్నీ రాశాను. ఆవిడకే కాదు, అందరికీ కనపడేచోటే పెట్టాను. మామయ్య తిరిగొచ్చాక చదివి వినిపించాను. తల ఊపి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

మూడోరోజు ఆవిడ రాసింది. ఈసారి నా పేరిట రాసింది. 'నా పదకొండు నెలలూ ఆయన తెచ్చిచ్చారు. ఆయనకి నేను రుణపడి ఉంటాను. మీతో ఏం మాట్లాడాలో నాకింకా తెలియడం లేదు.'

ఆ సాయంత్రం మామయ్య తన నౌకని ఆ ఎర్ర నక్షత్రం పక్కగా పోనిచ్చి, చుక్క ఇంధనం నిండలేదని నాకు చూపించి, పుస్తకం పదిహేనో పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. పెన్ను మూత తీసి చేతికిచ్చాడు. ఇప్పుడు చూశావుగా, రాయి అన్నాడు. ఖాళీ గడిలో 'దొరకదు' అని రాశాను. పుస్తకమంతా ఆయన గుండ్రటి రాత, ఆ ఒక్క మాట నాది. ఇంటికొచ్చినవాళ్ళు పుస్తకం తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగి, ఇదెవరి రాత అని అడుగుతుంటారు. మామయ్య చెప్పడు, నా వైపు చూస్తాడు. నాదేనని చెప్పి, ఎందుకు రాయాల్సి వచ్చిందో కూడా మొదటినుంచీ చెబుతాను.