బోదకొండ మీద చెంబెడు నీళ్లు

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను నేను. నాకు జలుబు చేస్తే బంధువులందరికీ కబురు వెళుతుంది. సంతలో నేను కొన్న వంకాయ ఇంటి గడప దాటేసరికి గుమ్మడికాయ అవుతుంది. కాబట్టి ఇందులో ఏదైనా మరీ పెద్దదిగా కనిపిస్తే మీరే కాస్త తగ్గించి చదువుకోండి. ఈ ఉదయం కుప్పంలో మా పెరటి గోడను గీకడానికి ఒక మనిషిని పిలిచారు ఇంట్లోవాళ్లు. రాత్రి వానకు తడిసిన పాచి మీద ఇనుప బ్రష్షు పడగానే ఒక వాసన లేచింది. పచ్చిగా, చల్లగా, కొత్త కుండలో నీళ్లకు దగ్గరి చుట్టంలా ఉండే వాసన. "ఆపప్పా!" అని వీధంతా వినబడేలా అరిచాను. "యాల సార్? కాలు జారితే పడతారు గదా" అన్నాడతను. "గోడ మీద నడిచే అలవాటు నాకు లేదప్పా" అన్నాను. బ్రష్షు కింద పెట్టి నా వైపు అనుమానంగా చూశాడు. నేను అప్పటికే ఆ గోడ దగ్గర లేను. పందొమ్మిది వందల డెబ్భైల చివర్లో, మదనపల్లెలో, కనకమ్మ మేడమ్ ఎదుట నిలబడి ఉన్నాను.

కనకమ్మ మేడమ్ మాకు డిగ్రీలో బోటనీ చెప్పేవారు. సొంత ఊరు పుంగనూరు, రోజూ బస్సులో వచ్చేవారు. మనిషి నా భుజం దాటరు కానీ, చేతిలో గొడుగు తెరిస్తే దాని కింద ఒక పెళ్లి, వచ్చిన వాళ్లకు భోజనాలు కూడా జరిపించవచ్చు. మెడలో నల్లదారానికి ఒక భూతద్దం వేలాడేది. చీమ మనసులో ఏమనుకుంటోందో కూడా అందులో కనబడుతుందని నేను ప్రచారం చేశాను. మొదటి వారంలోనే కాలేజీ కుళాయి వెనక గోడను చూపించి నన్ను అడిగారు, "అదేమప్పా?" అని. "పాచి మేడమ్." "పాచి అంటే?" "కడిగేసేది మేడమ్." క్లాసంతా నవ్వింది, మేడమ్ నవ్వలేదు. ఆ గోడ దగ్గరే నన్ను బోర్లా పడుకోబెట్టి కంటికి భూతద్దం పెట్టారు. అక్కడొక అడవి ఉంది! కాండాలు, ఆకులు, సన్నటి కాడల చివర ఆవగింజ కంటే చిన్న టోపీలు. పక్కనే నేలకు అంటుకుని నాలుకల్లా పరుచుకున్న లివర్‌వర్టులు, అంటే పాచి అని మనం కడిగేసే నాచు మొక్కలకు పినతల్లి బిడ్డలన్నమాట. ఆ సాయంత్రం హాస్టల్లో ఆ అడవిలో పులిని కూడా చూశానని చెప్పాను. సంగతి మేడమ్ చెవిన పడింది. "కోతలు కొయ్యప్పా, నేనేమీ అనను. కానీ ముందు సూడు. సూడకుండా కోస్తే అబద్ధం, సూసి కోస్తే ముచ్చట" అన్నారు. నేను బతికిందంతా ఆ అనుమతి మీదే.

సెలవు దొరికితే మేడమ్ మమ్మల్ని తంబళ్లపల్లె దారిలో ఉన్న బోదకొండకు తీసుకెళ్లేవారు. బోద అంటే కొట్టాల పైకప్పుకు వేసే గడ్డి. చెట్టన్నది కనబడని కొండ అది, అంతా నడుము లోతు గడ్డే. మేఘాలు అక్కడ ఆగి తల దువ్వుకుని పోతాయని నా అభిప్రాయం. కింద ఊరివాళ్లు ఆ కొండను వంతులు చేసుకున్నారు. గడ్డి విత్తు రాలేదాకా ఎవరూ కొడవలి పట్టకూడదు. చలికాలంలో కోత, కోత అయ్యాక గొర్రెలు, ఆ తరువాత ఆ వంతుకు విశ్రాంతి. వాళ్ల తాతల నాటి పద్ధతి. కోసిన చోట గడ్డి దుబ్బుల మధ్య నేలకు ఎండా వానా అందుతాయి, అక్కడే నాచులు పరుచుకుంటాయి. "ఈ దుబ్బుల సందులో ఉండేదే కొండకు చర్మం. మట్టిని కదలనీదు, వాన నీళ్లను పారనీదు" అనేవారు మేడమ్.

నా డిగ్రీ చివరి ఏడాది వేసవిలో ఆ కొండకు గండం వచ్చింది. జీపులో వచ్చిన ఒక ఆఫీసరు అది పనికిరాని బీడు అన్నాడు. చుట్టూ కంచె వేసి మొత్తం నీలగిరి చెట్లు నాటిస్తానన్నాడు. నమూనాకని వాళ్ల ఆఫీసు రెండేళ్ల కిందటే ఒక మూల కొంత మేర కంచె వేసి ఉంచింది కూడా. ఊరి పెద్ద ఎర్రప్ప మదనపల్లెకు వచ్చి మేడమ్ ముందు కూర్చున్నాడు. "గడ్డి పోతే గొర్రెలు పోతాయి తల్లీ. గొర్రెలు పోతే మేం బెంగుళూరికి పోయి ఇటుకలు మొయ్యాల" అన్నాడు. మేడమ్ గొడుగు తీసుకుని నేరుగా ఆఫీసరు దగ్గరకు వెళ్లారు. కొండ చచ్చిందో బతికిందో కళ్లారా చూసి అప్పుడు నాటించమన్నారు. ఆదివారం వస్తానన్నాడాయన. "ఎర్రప్పన్నా, ఆదివారం ఆఫీసరు వస్తాండాడు. మన కొండ మీది పాచిని సూపించాల" అని కబురు పంపారు.

ఆదివారం వెళ్లేసరికి బోదకొండ మెరిసిపోతోంది. ఆ మెరుపుకు ఆకాశంలో గద్దలు కళ్లు చికిలించుకున్నాయి. ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి కొండ మీది బండలన్నిటినీ కొబ్బరి పీచుతో, బూడిదతో తోమేశారు. సున్నం కొట్టారు. పెద్ద బండ మీద ముగ్గు కూడా పెట్టారు. ఎర్రప్ప భార్య గంగులమ్మ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "పెద్దసారు మా పాచి సూసేకి వస్తాండాడంటే మాకు సిగ్గు గాదా తల్లీ? ఊరి పరువేం గావాల? పొద్దు పొడవకముందే రుద్దేసినాము. ఒక్క మరక ఉంటే సూపించు" అంది. తోమని బండ ఒక్కటైనా మిగిలిందేమోనని నేను చుట్టూ వెతికాను. మేడమ్ మాత్రం గొడుగు మీద వాలిపోయి నవ్వారు. ఆ నవ్వుకు గొర్రెలు మేత మాని చూశాయి.

అప్పుడే జీపు దిగిన ఆఫీసరు ముగ్గు చుట్టూ నడిచి, "ఏదమ్మా మీరు చెప్పిన వృక్ష సంపద?" అన్నాడు. మేడమ్ నవ్వు ఆపి, కోసేసిన గడ్డి మోళ్లలోకి నడిచి చతికిలబడ్డారు. "గంగులమ్మక్కా, ఈడ రుద్దలేదు కదా?" "నేల మీద పాచి యాడైనా రుద్దుతారా తల్లీ, మాకేమన్నా పిచ్చా?" దుబ్బుల మధ్య నల్లగా, మాడిన అన్నం అడుగులా ఒక పెచ్చు ఉంది. "ఇది కాలిన మట్టి" అన్నాడు ఆఫీసరు. మేడమ్ చెంబెడు నీళ్లు అడిగారు. గంగులమ్మ తెచ్చింది. చెంబు వంచుతుంటే మేడమ్ చెయ్యి వణికింది.

నీళ్లు ఇంకిపోయాయి. ఏమీ కాలేదు. ఎర్రప్ప తలగుడ్డ విప్పి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. ఇంతలో ఆ నల్లటి పెచ్చులో ఒక చోట ఏదో కదిలింది. ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటీ ఒళ్లు విరుచుకున్నాయి. ఎండిన నాడాల్లా చుట్టుకుపోయిన లివర్‌వర్టులు విప్పారాయి. చూస్తుండగానే నలుపులోంచి పచ్చదనం, చిలక రెక్క లాంటి పచ్చదనం, చెంబు నీళ్లు పడినంత మేరా పాకింది. "ఓయమ్మా, లేసింది!" అని గంగులమ్మ పెట్టిన కేక మదనపల్లె బస్టాండులో వినబడిందని నాకు గట్టి నమ్మకం. ఆఫీసరు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మేడమ్ ఆయన చేతికి భూతద్దం ఇచ్చి, రెండో చెంబు తీసుకుని కంచె లోపలికి నడిచారు. అక్కడ కోత లేదు, మేత లేదు. పెరిగిన గడ్డి పడిపోయి, చాపలా కుళ్లి, నేలను కప్పేసింది. ఆ కుళ్లు తొలగించి నీళ్లు పోశారు. మట్టి తడిసింది, అంతే.

"సార్, మీరు కాపాడిన చోట చచ్చింది. వీళ్లు కోసిన చోట బతికుండాది" అన్నారు మేడమ్.

ఆఫీసరు చెంబు తానే తీసుకుని ఇంకో చోట పోశాడు, ఆ పక్కన మళ్లీ పోశాడు. కాసేపటికి ప్యాంటు మోకాళ్లకు మట్టితో, ముఖం నిండా నవ్వుతో, "ఇక్కడ చూడండి, ఇక్కడ కూడా!" అని ఊరివాళ్లకే చూపించసాగాడు. దిగేటప్పుడు కంచె పీకించేస్తానని ఎర్రప్ప చెయ్యి పట్టుకుని చెప్పాడు, పీకించాడు కూడా. ఒక్క నీలగిరి మొక్క కూడా ఆ కొండ ఎక్కలేదు. పలక డప్పులు మోగుతుండగా మేడమ్‌ను ఎద్దులబండి ఎక్కించి ఊరేగించారు. గొర్రెలు వరస తప్పకుండా వెనక నడిచాయి.

తరువాత నేను కుప్పంలో బోటనీ పాఠాలు చెప్పుకుని బతికాను. మేడమ్ ఇప్పుడు లేరు. ప్రతి వేసవిలో పిల్లల్ని ఏదో ఒక ఎండిన గుట్ట ఎక్కించి, నల్లటి పెచ్చు వెతికి నీళ్లు పోస్తాను. పిల్లలు ఊపిరి బిగబట్టే ఆ కాస్త సేపూ నేను ఒక్క కోత కూడా కొయ్యను. అది నేను మేడమ్ దగ్గర పట్టుకొచ్చిన మౌనం.

ఇక ఒప్పుకోలు. గొడుగూ, గద్దలూ, గొర్రెల ఊరేగింపూ పెంచి చెప్పినవే, కానీ చూసి పెంచినవి. చూడకుండా రాసింది ఒక్కటే, మేడమ్ చెయ్యి వణికిందన్నది. అది వణకలేదు. మా అందరి చేతులూ వణుకుతుంటే ఆమె మాత్రం ఇంట్లో తులసికి పోసినంత నింపాదిగా పోశారు. అంత ధీమా ఉన్న మనిషిని ఉన్నది ఉన్నట్టు రాస్తే, ఇది వీడి కోతేనని మీరు అనుకుంటారు. అందుకని నా బతుకులో మొదటిసారి తగ్గించి రాశాను.