వేపచెట్టు కింద బల్ల

బడి మానినా గ్రంథాలయం మానలేదు నేను. నిన్న అక్కడి కిటికీలోంచి వేపపూత వాసన రాగానే గిద్దలూరు పోలీస్ స్టేషన్ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు కొత్తగా వచ్చిన సీఐ మేడం తన బల్లను గేటు బయట వేపచెట్టు కింద వేయించుకుంది. మా బడిలో తప్పు చేసినవాళ్లనే బయట కూర్చోబెట్టేవాళ్లు కాబట్టి, ఆమెకు శిక్ష పడిందనుకున్నాను.

అప్పుడే మా బాబాయి మా అమ్మ కుట్టుమిషనును ఎత్తుకుపోయాడు. నాయన పోయాక మాకు కూడు పెట్టేది అదే. స్టేషన్‌కు పోతే ఆడవాళ్ల తరఫున ఊరి పెద్దమనిషే లోపలికి వెళ్లి మాట్లాడేవాడు. మా పెద్దమనిషేమో బాబాయి వైపు.

"మేడంను కూడా బయటే కూర్చోబెట్టినారమ్మా, పాపం" అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని స్టేషన్‌కు బయలుదేరింది.

కుట్టుమిషను పోయిందని అమ్మ అనగానే, "పెద్దమనిషి ఏడమ్మా?" అన్నాడు కానిస్టేబుల్.

"మిషను కుట్టేది ఆయనా ఏంది? ఆమెనే చెప్పనీ" అంది మేడం.

అమ్మ బల్ల ముందుకు జరిగింది. తర్వాత ఆగకుండా అంతా చెప్పింది.

వచ్చేటప్పుడు నేనడిగాను: "మీ శిక్ష ఎప్పుడైపోతుంది మేడం?"

"బదిలీ అయ్యేదాకా ఇంతే పాపా" అని నవ్వింది.

సాయంత్రానికి మిషను ఆటోలో ఇంటికొచ్చింది. గేటు దాటలేని వాళ్ల కోసమే ఆమె బయట కూర్చుందని పెద్దయ్యాక అర్థమైంది. అమ్మ మాత్రం ఆ తర్వాత ఏ ఆఫీసుకూ పెద్దమనిషిని వెంటబెట్టుకుపోలేదు.