ఇసుకలో శత్రు విమానం

కృష్ణపట్నం అవతల నేను చేపలకని వెళ్లే పల్లెలో, సముద్రం ఒడ్డున ఓ పాత యుద్ధ విమానం పడి ఉండేది. మన వాయుసేన పక్కన పెట్టేసిన దాన్ని సినిమావాళ్లు కొని తెచ్చి, శత్రువుల రంగు పూసి, షూటింగ్ అయ్యాక అక్కడే వదిలేసి పోయారు. బాంబులకు చచ్చిపోయే జనంగా నటించింది ఆ పల్లెవాళ్లే. అప్పటినుంచి అటు వెళ్లే ఆడవాళ్లు దాని మీద గుప్పెడు ఇసుక ఎత్తిపోసి, తిట్టి మరీ వెళ్లేవాళ్లు.

ఈ రోజు వెళ్లేసరికి పాత ఇనుము వాళ్లు దాన్ని గ్యాస్ కట్టర్‌తో కోస్తున్నారు. నాకు చేపలమ్మే పోలమ్మక్క పక్కనే నిలబడి ఇసుక చల్లుతోంది. వాయుసేనలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి, నోరు ఊరుకోలేదు.

"అక్కా, ఎన్నిసార్లు చెప్పాను? అది మన విమానమే."

"ఊరుకోన్నా! మా మీద బాంబులేసినాది ఇదే. నేను చచ్చి పడుండే సీను గూడా ఉండాది, పోయి చూసుకో," అనింది.

అంతలో మంట తగిలి రెక్క మీది రంగు పెచ్చులూడింది. అడుగున కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు బయటపడ్డాయి. పోలమ్మక్క పిడికిట్లో ఇసుక అట్లాగే ఉండిపోయింది.

"ఆపండయ్యా, అది మనదంట!" అని ఆమె అరిచేలోపే కట్టర్ ఆ వలయాల నడిమధ్యగా దిగిపోయింది.

ముక్కలన్నీ లారీ ఎక్కించారు. సెల్యూట్ చేద్దామని చెయ్యి ఎత్తాను గానీ, ఏ ముక్కకు చెయ్యాలో తెలియలేదు. మీరైతే దేనికి చేసేవాళ్లు?